అట్ట వెనక పేరు

"'మబ్బుల బస్సు' ఆల్బమ్‌లో రెండో గొంతు ఎవరిది? సరైన జవాబు రాసినవారిలో ఒకరికి ఆనాటి వినైల్ రికార్డు బహుమతి" అని వారపత్రిక పోటీ పెట్టింది. ఎనభై రెండేళ్ళ ఎస్తేరు రాణి తన పేరే రాసి పంపింది. పాడింది ఆవిడే మరి.

జవాబు తప్పన్నారు. ఆవిడ విశాఖలోని పత్రికాఫీసుకు వెళ్ళింది.

"స్వరకోశంలో శ్వేతాలి అని ఉందండీ," అంది అక్కడి అమ్మాయి. పాటల సంగతులన్నీ స్వరకోశం అనే ఆ యంత్రమే చెబుతుంది. ఇంకెక్కడైనా వెతికే అలవాటు జనానికి ఎప్పుడో పోయింది.

"అలాంటి మనిషే లేదమ్మా! రికార్డు అట్ట వెనక నా పేరు అచ్చేశారు, చూడు."

"గెలిచినాయనకు పంపేశామండీ. పోనీ పాడండి, యంత్రమే సరిచూస్తుంది."

ఎస్తేరు రాణి పాడింది. గొంతు వణికింది. సరిపోలలేదంది యంత్రం.

మర్నాడు గాజువాకలో విజేత ధనుంజయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, అట్ట వెనక ఒక పేరు చూడాలంది. అతను మర్యాదగా కూర్చోబెట్టి, గోడ మీది ఫ్రేము దించాడు. అట్టను అప్పటికే చెక్కకు జిగురుతో అతికించేశాడు.

"ఉండండి మామ్మగారూ, ఊడదీద్దాం," అంటూ చాకుతో మెల్లగా లేపాడు. అట్ట ఊడింది గానీ అచ్చు పొర చెక్కనే పట్టుకుంది. గీరినకొద్దీ కాగితం పొడిపొడిగా రాలింది. ఒక్క అక్షరమూ దక్కలేదు.

"తప్పైపోయింది మామ్మగారూ. ఇంతకీ ఎవరి పేరు కోసం వచ్చారు?"

ఎస్తేరు రాణి ఒళ్ళో పడిన కాగితపు పొడి దులుపుకుంది.

"అప్పట్లో ఒక పిల్ల పాడేది నాయనా. పోయిందిలే."