మేత అక్కర్లేని చేపలు

ఇప్పుడు ఇంటింటా ఉన్న కొత్తరకం చేపల్నే మా కోడలు హైమ కూడా కొనుక్కొచ్చి, హాల్లో గాజుతొట్టెలో వదిలింది.

"మేత పెట్టక్కర్లేదు మావయ్యగారూ. ఎండ తగిలితే చాలు, నీళ్లు కూడా మురికవ్వవు."

"మా కొల్లేటి కొర్రమీను పడవ తెడ్డే మింగేసిందమ్మాయ్! ఇవీ ఓ చేపలేనా?" అన్నాను.

మా ఆవిడ వరాలు మరో ప్రాణికి పెట్టందే ముద్ద ముట్టదు. అన్నానికి కూర్చోబోతూ తొట్టెలో నాలుగు మెతుకులు చల్లింది. చేపలన్నీ ఒక్క ఉదుటున పైకొచ్చి, మెతుకులకేసి మొహాలు రుద్దసాగాయి. నోరుండాల్సిన చోట నున్నటి చర్మం!

"వీటి నోళ్లేవే?" అని వరాలు కేకేసింది.

"అవసరం లేదని తీసేశారత్తయ్యగారూ."

"మరి ఆకలి తీసెయ్యలేదేం?"

నా కోతల్లో కూడా ఇంత ఘోరం ఎన్నడూ లేదు. వరాలు ముద్దయినా ముట్టకుండా కంచంలో చెయ్యి కడిగేసుకుంది. చేపలు ఇంకా రుద్దుతూనే ఉన్నాయి.