కడబంతి కబుర్లు

"మళ్ళీ ఆవిడే మేడం," అంటూ టెక్నీషియన్ ఒక కాగితం బల్లమీద పెట్టాడు. ఆ నెలలో అది ఏడో ఫిర్యాదు.

వంతులమ్మ తీసి చదివింది.

"అయ్యా, నిన్న సాయంత్రం మా చెల్లెలు వీడియోలో వాళ్ళ అత్తగారి సంగతి చెబుతోంది. సరిగ్గా రసపట్టులో బొమ్మ నిలిచిపోయింది. అత్తగారు ఏమందో నాకింకా తెలీదు. ఇట్లు, కొండవాలు వీధి చివరింటి దర్జీ."

వంతులమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. సెల్ టవర్ అన్ని ఫోన్లకూ ఒక్కసారే డేటా వడ్డించలేదు. సెకనులో వెయ్యోవంతుకొకసారి, ఇప్పుడు ఎవరి వంతో చూసుకోవాలి. ఆ వంతులు తేల్చే ప్రోగ్రాం ఆమె చేతిలో ఉంది. అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఫోన్ చేసి మాట్లాడకపోయావా?"

"కట్ చేసేస్తోంది. అలిగినట్టుంది. ఇంటికీ వెళ్ళాను, తాళం వేసుంది. గుమ్మంలో నిలబడి నా ఫోన్‌తో పరీక్షించా. మాట గంట కొట్టినట్టు వినబడుతోంది. అదే రాసి ఫిర్యాదు మూసేశాను."

"దానికేమంది?"

అతను ఇంకో కాగితం తీశాడు. "మాట గంట కొట్టినట్టు ఉందని రాశారు. సంతోషం. అత్తగారి సంగతి మాత్రం తేలలేదు."

వంతులమ్మ నవ్వు ఆపుకుంటూ మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"సార్, తప్పు మన పద్ధతిలోనే ఉంది. సిగ్నల్ ఎవరికి బాగుంటే వాళ్ళకే ముందు వడ్డిస్తున్నాం. దూరంగా ఉన్నవాళ్ళ వంతు వచ్చేసరికి గిన్నె అడుగంటుతోంది."

"బొమ్మ ఆగితే ఆగింది, మాట వినబడుతోందిగా. ఒక్క దర్జీ కోసం టవర్ మొత్తం తిప్పేస్తావా అమ్మా?"

"ఆ వీధిలో అరవై ఇళ్ళున్నాయి సార్. మిగతావాళ్ళు విసుగెత్తి ఊరుకున్నారు. ఈవిడ ఊరుకోలేదు, అంతే."

"మొత్తం వేగం పడిపోతే? ఈ ఏడాది మన టవరే మొదటి స్థానంలో ఉంది."

"వారం ఇవ్వండి. అయిదు శాతం కంటే ఎక్కువ తగ్గితే పాత పద్ధతే పెట్టేసి, నేనే వేరే విభాగానికి వెళ్ళిపోతాను."

మేనేజరు కళ్ళజోడు తీసి ఆమెకేసి చూశాడు. "మాటంటే మాటే."

బయటికి రాగానే టెక్నీషియన్ అడిగాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు. ఆవిడకి మీరేమవుతారు మేడం?"

"ఏమీ కాను. అందుకే పద్ధతి మార్చాలి."

కొత్త పద్ధతి చెప్పడానికి తేలికే. పక్కవాడి సిగ్నల్‌తో పోల్చకూడదు. ఎవరి సిగ్నల్ తమ మామూలు కంటే ఈ క్షణం మెరుగ్గా ఉందో, వాళ్ళకి వడ్డించాలి. చివరింటివాళ్ళకి కూడా మంచి క్షణాలుంటాయి. వాటిని జారనివ్వకుండా పట్టుకోవాలి.

మొదటి రెండురోజులూ వేగం ఏడు శాతం తగ్గింది. వంతులమ్మకి అన్నం సయించలేదు. మూడోరోజు మధ్యాహ్నం లోపం దొరికింది. 'మామూలు' లెక్కకట్టడానికి ప్రోగ్రాం మరీ కొద్ది క్షణాల వెనక్కి మాత్రమే చూస్తోంది. దానితో తొందరపడి వంతులు మార్చేస్తోంది. ఇంకొంచెం వెనక్కి చూసేలా దిద్దింది. వారం తిరిగేసరికి తగ్గుదల నాలుగు శాతం దగ్గర ఆగింది.

మేనేజరు ఇల్లు సరిగ్గా టవర్ కిందే.

"మీ ఇంట్లో నెట్ నెమ్మదించిందా సార్?"

"మా ఆవిడ ఏమీ అనలేదు." ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆవిడ ఏమీ అనలేదంటే నెమ్మదించనట్టే." కొత్త పద్ధతికి సంతకం పెట్టేశాడు.

మర్నాడు దర్జీ దగ్గర్నుంచి ఇంకో కాగితం వచ్చింది. "అత్తగారు ఏమందో తెలిసింది. అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు. మీకు నా దీవెనలు."

ఆఫీసు ఆఫీసంతా పగలబడి నవ్వింది. ఆ అత్తగారు ఏమని ఉంటుందా అని టీ తాగినంతసేపూ పందాలు వేసుకున్నారు.

ఆ సాయంత్రం వంతులమ్మ సిగ్నల్ కొలిచే మీటరు పట్టుకుని కొండవాలు వీధికి తనే వెళ్ళింది. చివరింటి అరుగు మీద కత్తిరింపు ముక్కలు కుప్పగా ఉన్నాయి. మీటరులో అంకెలు నిలకడగా ఉన్నాయి.

"అక్కాచెల్లెళ్ళిద్దరూ కబుర్లలో పడ్డారు. ఇప్పట్లో తెమలరు," అంది పక్కింటావిడ బట్టలు మడతపెడుతూ.

వంతులమ్మ తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. ఎవరూ రాలేదు. సంకోచిస్తూనే కిటికీలోంచి తొంగిచూసింది.

కుట్టుమిషనుకి ఆనించిన ఫోను ముందు దర్జీ, ఫోనులో చెల్లెలు. పుట్టుకతోనే వినికిడి లేని ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్న చప్పుడైనా లేకుండా, ఊపిరి సలపనంత జోరుగా చేతులతో కబుర్లు చెప్పుకుంటున్నారు.