ఇంటికొక ఆకు

"ఇరవై ఎనిమిది ఆకులూ ఒకే చెట్టువి తాతా! నన్నెందుకు మోసం చేశారు?"

మెట్లెక్కకుండానే కింద నుంచి అరిచింది కన్నితా. కంబోడియా రాజధాని ఫ్నాంపెన్‌లో తెల్లవారకముందే బయలుదేరింది. దారి పొడవునా కొట్టిన ఎర్రదుమ్ము ఇంకా ముఖాన్నే ఉంది. ఊరి పెద్ద తెప్ తాత పై అరుగు మీద కూర్చుని వక్క నములుతున్నాడు.

"ముందు పైకొచ్చి గంజి తాగమ్మా. కడుపు నిండాక కూడా తిట్టొచ్చు."

"గంజి కోసం రాలేదు!"

ఆమె వచ్చింది చేతిలోని కాగితం సంగతి తేల్చుకోవడానికి. ఊరి వెనక అడవిలో ఇంటింటికీ సొంత నూనె చెట్లున్నాయి, అవి దేశంలోనే అరుదైపోయాయి. మనుషులకు వేలిముద్రలున్నట్టే చెట్టు చెట్టుకీ లోపల వేరే గుర్తులుంటాయి. ఆకు నలిపి ఆ జన్యు గుర్తులు చదవడం కన్నితా పని. అవి ఎన్ని రకాలుగా ఉంటే అడవి అంత గట్టిది, ఒక్క తెగులుకే అన్నీ పోవు. అలా తేలితే దాన్ని విత్తనాల అడవిగా కాపాడతామని అధికారులు మాటిచ్చారు. తేలకపోతే ఆ నేల రబ్బరు తోటలకు పోతుంది. నివేదిక ఇవ్వడానికి ఇవాళే ఆఖరు రోజు.

"వానలకు దారి మునిగింది కనకే మీకు వదిలేశాను. ఫోన్లో ఏం చెప్పాను? ఒక్కో ఇంటి చెట్టు నుంచి ఒక్కో ఆకు కోసి, పొట్లం మీద ఇంటి పేరూ తేదీ రాయమన్నానా లేదా?"

"అలాగే రాశాం."

"రాశారు! ఒక్క పూటలో అయ్యే పనికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. ఎంత జాగ్రత్తగా చేస్తున్నారో అని ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. తీరా చూస్తే ఎవరో ఒక్క కొమ్మ దులిపి పంపారు. పన్నెండు గుర్తులు చూశాం, పన్నెండూ అన్నిట్లో ఒకటే. నలుగురిలో తల కొట్టేసినట్టయింది తాతా."

తాత వక్క ఉమ్మేసి మూతి తుడుచుకున్నాడు.

"రిన్ వాళ్ళ ఆకు రిన్ వాళ్ళ చెట్టుదే. మొమ్ వాళ్ళది మొమ్ వాళ్ళ చెట్టుదే. మా కుయ్ తెగవాళ్ళం ఇంకెందులోనైనా అబద్ధమాడతామేమో గానీ, చెట్టెవరిదన్న దాంట్లో ఆడం. పిల్లనివ్వాలన్నా ముందు అడిగేది మీకు చెట్టుందా అనే."

"అంటే నా యంత్రం అబద్ధమాడిందా?"

"అదీ ఆడలేదులే. పద, చూద్దువుగాని."

రెండేళ్ళ కిందట ఆమె నడిచినప్పుడు ఆ దారి పట్టపగలే చీకటిగా ఉండేది. ఇప్పుడు ఎండ నేరుగా నెత్తిన పడింది. అటూ ఇటూ నరికిన మొదళ్ళు. కొన్నిటికి నూనె కోసం తొలిచి కాల్చిన తొర్ర ఇంకా నల్లగా ఉంది. పది దాకా లెక్కపెట్టి కన్నితా ఆగిపోయింది.

"ఎప్పుడు తాతా?"

"నువ్వు ఫోన్ చేసేనాటికే అయిపోయింది. దారి మునిగింది మీకే. రంపాల వాళ్ళు ఏటి మీద పడవల్లో వచ్చారు."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"చెబితే ఆకులు అడగడం మానేస్తావని. నువ్వు కూడా మానేస్తే మమ్మల్ని అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు?"

కన్నితా తాత వెనకే నడిచింది.

మొదళ్ళన్నీ దాటాక ఒకే ఒక్క చెట్టు నిలబడి ఉంది. దాన్ని నరకకుండా నడుముకు బౌద్ధ భిక్షువులు కట్టిన కాషాయ గుడ్డ ఎండకు వెలిసిపోయింది. కింద చాప పరుచుకుని ఒక ముసలామె కాపలా కూర్చుంది. తాత పదడుగుల దూరంలోనే ఆగి, తలకు చుట్టుకున్న గళ్ళ తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మొమ్ వదినా, మీ చెట్టు దగ్గరికి రావచ్చా?"

"రండి రండి, మా చెట్టుకు కొత్తవాళ్ళేం కాదుగా!"

"అయితే మిగిలింది ఈవిడ చెట్టన్నమాట," అంది కన్నితా మెల్లగా.

"ఇవాళ ఆమెది. రేపు రిన్ వాళ్ళది. ఎల్లుండి ఇంకొకరిది. ఎవరి రోజున వాళ్ళే యజమాని, వాళ్ళే కాపలా. నువ్వు అడిగిన ఆకులూ ఎవరి రోజున వాళ్ళే కోశారు. చెట్టు లేని ఇల్లంటూ మా ఊళ్ళో ఉండకూడదు కదమ్మా."

కన్నితా చేతిలోని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"రంపాలు రాకముందు ఇది ఎవరిది తాతా?"

"మాదే," అన్నాడు తాత. "ఇరవై ఏడు ఇళ్ళవీ పోయి మాదొక్కటే మిగిలితే, పొద్దున్నే లేచి వాళ్ళ ముఖాలు ఎలా చూసేదమ్మా?"