ఆచారి వదిలేసిన మోటారు

లంకల్లో ఇళ్ళ చూరుదాకా గోదారెక్కిన వరద ఏడాది. నీరు తీసింది గానీ రోడ్లింకా ఆరలేదు. ఐనవిల్లి కమ్మరి వీరాచారి అమలాపురంలో దుర్గారావు మోటార్ల షాపుకొచ్చేడు. గోనెసంచిలోంచి కొలిమి బ్లోయరు మోటారు తీసి, దూరంగా నేలమీద పెట్టి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"వేరేది కావాలండి. కొలిమికి గాలి కొట్టేది."

దుర్గారావు అరలోంచి ఒకటి దింపేడు. "ఇది పట్టుకెళ్ళండి ఆచారిగారూ. వాడిందే గానీ గుర్రంలా తిరుగుతుంది. ఉప్పలగుప్తం రొయ్యల చెరువుమీద పనిచేసింది."

"ఎవరినైనా పట్టుకుందాండి?"

"పట్టుకోడానికి మోటారేవన్నా దెయ్యవాండీ?" దుర్గారావు పకపకా నవ్వేడు.

ఆచారి నవ్వలేదు. "గాలి దగ్గర కూర్చునేది ఆడకూతురండి. మా ఇళ్ళల్లో అంతే. మగాడికి సమ్మెట, ఆడదానికి గాలి. ఇక మీదట మా అమ్మాయి కూర్చోవాలి."

దుర్గారావు ఇంకోటి చూపించేడు. మరోటి చూపించేడు. ప్రతిదానికీ అదే ఆరా. ఎవరింట్లో ఉండేది? ఎందుకమ్మేసేరు? దుర్గారావుకి విసుగొచ్చి, అట్టపెట్టె కూడా విప్పని కొత్త మోటారు తెచ్చి ముందు పెట్టేడు.

"దీన్ని మొదట ముట్టుకునేది మీరే. సరేనా?"

"ఆయ్."

ఆచారి లేచేడు గానీ కదల్లేదు. "ఆ పాతదాన్ని పగలగొట్టించెయ్యండి. బాగుచెయ్యొద్దు. ఎవరికీ ఇవ్వొద్దు."

"ఆ దెబ్బేదో మీరే వెయ్యలేకపోయేరా? సమ్మెట మీ చేతిలోనే ఉంది కదా!"

"కొలిమిలో పనిచేసినదాన్ని ఆ కొలిమి సమ్మెటతో కొట్టకూడదండి. మా పెద్దల మాట."

"అలాగే లెండి, పగలగొట్టిస్తాను."

ఆచారి వెళ్ళేక దుర్గారావు ఊరికే దానికి వైరు తగిలించి చూసేడు. సన్నగా, ఊపిరి తీసుకుంటున్నట్టు తిరిగింది. ఒంటికి టెస్టరు పెడితే వెలగలేదు, కరెంటు లీకు లేదు. లోపల రాగి చుట్టు మీద మచ్చ లేదు. నిక్షేపంలాంటి మోటారు. 'చాదస్తం మనిషి' అనుకున్నాడు. ఇంటిదగ్గర కొబ్బరిచిప్పల పొయ్యిమీద జంతికలు వండి అమ్మే భార్య బంగారమ్మ, గాలికి మోటారు కావాలని ఎన్నాళ్ళనుంచో పోరుతోంది. సాయంత్రం పట్టుకెళ్ళి బిగించేసేడు.

ఒకసారి తిప్పి ఆపేరు. బంగారమ్మ తల వంచి వింది.

"ఏవండీ, ఇదేంటి, ఎవరో పక్కన కూర్చుని ఎగపోస్తున్నట్టుంది?"

"కొత్త కోడలు బెరుగ్గా ఉండదూ? నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది."



తెల్లారి షాపు తియ్యడానికెళ్తే మెట్టుమీద ఆచారి కూర్చుని ఉన్నాడు.

"పగలగొట్టేరాండి?"

"నిన్ననే. ముక్కలు ఇనపకొట్టుకెళ్ళిపోయేయి."

ఆచారి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేడు. "నిన్న నోరు రాలేదండి. చల్లగా ఉన్నంతసేపూ అదేం చెయ్యదు. వరదనీళ్ళు తాగింది కదా, వేడెక్కితేనే కరెంటు పైకొస్తుంది. మా ఇంటిదాన్ని అదే పట్టుకుందండి. ప్రాణం పోయేదాకా చెయ్యి ఊడి రాలేదు."

దుర్గారావు తీసిన షట్టరు తీసినట్టే వదిలేసి పరిగెత్తేడు. దారిలో ఫోను చేస్తే బంగారమ్మ ఎత్తలేదు. పెరట్లోకొచ్చి పడేసరికి పొయ్యి ముందు పీటమీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"దాన్ని ముట్టుకున్నావా?"

"బాగా వేడెక్కింది కదా, పక్కకి జరుపుదామని చెయ్యి పెట్టబోయేనండి. ఇంతలో ఒకావిడ పెరటి గుమ్మంలోంచి గబగబా వచ్చి, 'వద్దు చెల్లెమ్మా' అని ప్లగ్గు పీకేసి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ అరచెయ్యి మాడిపోయి బొగ్గులా ఉంది. ఎవరండీ ఆవిడ?"