గేటు దగ్గర చెప్పని పేరు

నాలుగో రోజు కూడా ఆ మనిషి వచ్చి కూర్చున్నాడు.

గౌడవెల్లి దారిలో, కాలనీ గేటుకు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర. అరవై దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం, తెల్ల టోపీ. గేట్లోంచి వచ్చీ పోయే ప్రతి కారులోకీ తొంగి చూస్తున్నాడు.

కృష్ణారావు గబగబా కారు అద్దాలు ఎక్కించేశాడు.

"ఎవరు శేఖర్, అతను?" గేటు లోపలికి వచ్చాక వాచ్‌మన్‌ని అడిగాడు.

"గోడ అవుతల బస్తీ ఆయన సార్. అల్లావుద్దీన్ అంట. ఎవరింటికి వచ్చినవ్, రిజిస్టర్ల రాసుకుంట అంటే చెప్తలేడు. గేటు కాడ చెప్పే ముచ్చట గాదు అంటుండు."

కృష్ణారావు ఇంకేమీ అడగకుండా కారు ముందుకు పోనిచ్చాడు.

కాలనీ గోడకు ఇవతల కోస్తా నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్న ఉద్యోగస్తులు. అవతల తరాలుగా పొలం, మేకల బేరం చేసుకుంటున్న ముస్లింలు. నిరుడు ఊరేగింపు రోజున ఆ గోడ మీదుగా రాళ్లు అటూ ఇటూ ఎగిరాయి. అవతల అమాన్ అనే డిగ్రీ కుర్రాడికి కన్ను పోయింది. 'గుర్తు తెలియని వ్యక్తులు' అని పోలీసులు కేసు రాశారు.

ఆ గుర్తు తెలియని వ్యక్తి కృష్ణారావుకు బాగా తెలుసు. తన కొడుకు సుజిత్.

సుజిత్‌కు ఈ మధ్యే బ్యాంకు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు జరిగే పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఇప్పుడే ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. గొడవలు జరిగిన చోటల్లా రెండు మతాల పెద్దలతో శాంతి కమిటీలు. పాత కేసుల మీద మళ్లీ విచారణ. ఆ ఉత్తర్వు నాలుగు పేజీలు. కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరూ మొదటి పేజీ చదివి భయపడ్డారు. మిగతా మూడూ చదివే ఓపిక ఎవరికుంది?

ఆ వారంలోనే గోడ పక్క సందులో వీధి దీపాలు ఎవరో పగలగొట్టారు. రెండు వైపులా పిల్లలను బయటికి పంపడం మానేశారు.

"మన సుజిత్‌ని గుర్తుపట్టడానికే కూర్చున్నాడండీ," అంది భార్య శేషారత్నం.

"నేను వెళ్లి మాట్లాడనా నాన్నా?" అన్నాడు సుజిత్. ఏడాదిగా వాడికి సరిగ్గా తిండి సహించడం లేదు.

"నోరు మూసుకుని లోపల కూర్చో. నీ మొహం వాడికి కనపడిందో, అయిపోయినట్టే."

పదకొండు గంటలకు ఆ మనిషి ఫోటో గ్రూపులో పడింది, ముఖం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి. పన్నెండుకల్లా అసోసియేషన్ ప్రెసిడెంట్ చలపతిరావు ఫిర్యాదు రాయమన్నాడు. కృష్ణారావే రాశాడు. చేతిరాత బాగుంటుందని కాలనీ కాగితాలన్నీ ఆయనే రాస్తాడు.

'మా పిల్లలపై దాడి చేసే ఉద్దేశంతో నాలుగు రోజులుగా కాపు కాస్తున్నాడు.'

రాస్తుంటే ఒక్కచోట కలం ఆగింది. మళ్లీ నడిచింది.

పోలీసు జీపు వచ్చింది. ముసలాయన ఎదురు చెప్పలేదు. తాగుతున్న చాయ్ కింద పెట్టి లేచాడు. ఎక్కే ముందు కాలనీ వైపు చూసి, "జల్దీ వదులుతరా సాబ్, ఐదింటి లోపల?" అని మాత్రం అడిగాడు.

జీపు కదిలాక చాలా రోజులకు కృష్ణారావు ఇంట్లో అందరూ కడుపునిండా అన్నం తిన్నారు. సుజిత్ తప్ప.

సాయంత్రం ఆరింటికి స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఫిర్యాదు మీద సంతకం కావాలట. కృష్ణారావు వెళ్లాడు.

అల్లావుద్దీన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కృష్ణారావును చూసి లేచి, సలాం చేసి, మళ్లీ కూర్చున్నాడు.

"మధ్యాహ్నం సంది అడుగుతున్న, ఎవరి కోసం వచ్చినవని. పేరు చెప్తలేడు," అన్నాడు ఎస్సై. "జేబుల గిది దొరికింది."

కాగితం మీద వంకరటింకర తెలుగు. గోడ దగ్గర రాళ్ల గొడవలో తగిలిన దెబ్బ కావాలని కొట్టింది కాదని, కేసు వద్దని రాసి ఉంది. కింద ఒక సంతకం. దాని పక్కన ఖాళీ.

"రెండిండ్లోళ్లు కలిసి సంతకాలు పెట్టి ఇస్తే పాత కేసు మూసేస్తరు. కొత్త ఉత్తర్వుల గదే ఉంది, చివరి పేజీల. గడువు ఇయ్యాల ఐదు గంటలకు అయిపోయింది. రేపటి సంది వేరే టీం వస్తాంది. కెమెరాలు, ఫోన్లు అన్నీ మల్ల తీస్తరు." ఎస్సై కృష్ణారావు ముఖంలోకి చూశాడు. "గీ ఖాళీల పెట్టాల్సిన సంతకం ఎవరిదో మీకేమన్నా ఎరుకనా సార్?"

"లేదండీ," అన్నాడు కృష్ణారావు.

ఎస్సై ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు.

కృష్ణారావు బెంచీ దగ్గరికి వచ్చి వంగాడు. "గేటు దగ్గర మావాడి పేరు చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి కదండీ. ఎందుకు చెప్పలేదు?"

"ఆ దినం రాయి ఇసిరింది మీ పిల్లగాడేనని నాకెరుక సాబ్. పేరు చెప్తే రిజిస్టర్ల రాస్తరు. పది మందికి ఎరుకైతది. పిల్లగాని నౌకరీ పోతది."

"మీరు బస్తీ పెద్దలా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"అమాన్ నాయినను."