సరిపోలినవి లేవు

ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చినవాడెవడో గానీ, దొరికితే వాణ్ణి నాలుగు తగిలించాలని ఉంది కొత్త ఇంజనీరుకి.

తప్పిపోయినవాళ్ళ విభాగంలో రోజూ తెల్లవారకముందే రెండు పనులు వాటంతటవే జరగాలి. పోలీసు స్టేషన్ల నుంచి తప్పిపోయినవాళ్ళ వివరాలు తెచ్చుకోవడం ఒకటి. ఆసుపత్రుల శవాగారాల నుంచి గుర్తు తెలియని శవాల వివరాలు తెచ్చుకోవడం రెండోది. రెండూ ముగిశాక కంప్యూటర్ ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ పోల్చి చూస్తుంది. కానీ రెండింటికీ ఒకే టైము పెట్టి ఉంది. మొదటిది లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటోంది. రెండోది గుమ్మంలో కాసేపు నిలబడి, విసుగెత్తి తిరిగిపోతోంది. అలా ఆర్నెల్లుగా శవాల వివరాలు పాతవే. రోజూ తెర మీద ఒకటే మాట: సరిపోలినవి లేవు.

ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదా అని సూపర్నెంటుని అడిగాడు. దొరకట్లేదంటే బతికే ఉన్నారు కాబోలు అనుకున్నామన్నాడాయన.

అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది అక్కయ్యకి. ఆ తెర ముందు కూర్చునే ఆపరేటరు ఆవిడే. ఆఫీసంతా అక్కయ్య అనే పిలుస్తుంది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఓ సాయంత్రం ఇప్పుడే వస్తానని చెప్పులేసుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. కష్టాలు కట్టగట్టుకుని వస్తాయంటారు కదా, సరిగ్గా ఆ వారమే ఈ రెండు పనులూ ఢీకొట్టుకోవడం మొదలైంది.

ఇంట్లో భర్త మంచాన ఉన్నాడు. గుండె సగమే పనిచేస్తోంది, చెడ్డ కబురు వింటే ఆ సగమూ ఆగిపోతుందని డాక్టర్లు చెప్పేశారు. భోజనాల వేళకి ఆయన ఫోను చేస్తాడు. ఆవిడ తెర వంక చూసి, "ఇవాళ కూడా ఏమీ సరిపోలలేదటండీ," అంటుంది. ఆ మాట విన్నాకే ఆయన నాలుగు ముద్దలు తింటాడు.

ఆవిణ్ణి చూసినప్పుడల్లా ఇంజనీరుకి ఒకటే ఆలోచన. ఉన్నాడో లేడో తేలితే కదా, కనీసం ఏడవడానికైనా ఉంటుంది. తన చేతిలో ఉన్న పని తను చేసి తీరాలనుకున్నాడు.

మొదటిది ముగిశాకే రెండోది మొదలయ్యేలా సరిచేశాడు. మర్నాడు వచ్చి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే. మళ్ళీ సరిచేశాడు. మళ్ళీ అంతే. ఈ మిషనుకి దయ్యం పట్టిందని అక్కయ్య దగ్గర మొత్తుకున్నాడు. ఆవిడ టీ గ్లాసు అతని వైపు జరిపి, చల్లారిపోతోంది తాగమంది.

అప్పుడే కిటికీ దగ్గరికి ఓ ముసలాయన వచ్చాడు. తప్పిపోయిన మనవరాలి కబురు కోసం వారం వారం వస్తాడు. అక్కయ్య ఆయన్ని లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తను పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా పరాయివాళ్ళని ఓదార్చే మనిషి అనుకుని, ఇంజనీరు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం అతనికి తట్టింది. మిషను పాస్‌వర్డు చీటీ మీద రాసి గోడకే అంటించి ఉంది. అటెండరు దగ్గర్నుంచి సూపర్నెంటు దాకా అందరికీ తెలుసు. ఎవడో చేతులు ఊరుకోనివాడు కెలుకుతున్నాడన్నమాట. పాస్‌వర్డు మార్చేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళాడు.

మర్నాడు రెండు పనులూ ఒకదాని తర్వాత ఒకటి బుద్ధిగా ముగిశాయి. తెర నిండిపోయింది. అందులో ముసలాయన మనవరాలు ఉంది. అక్కయ్య కొడుకూ ఉన్నాడు. ఇల్లు వదిలిన రాత్రే అతన్ని లారీ గుద్దింది. మావాడంటూ ఎవరూ రాకపోయేసరికి మున్సిపాలిటీవాళ్ళు పూడ్చిపెట్టేశారు.

ఇంజనీరు ఆ వివరాలు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అక్కయ్య రాగానే మరమ్మతు జరుగుతోందని చెప్పి ఆవిడ తెర ఆపేశాడు. ఆవిడ సరేనని రిజిస్టరు ముందుకి లాక్కుంది. భోజనాల వేళ దాకా ధైర్యం కూడగట్టుకుని వెళ్ళి, ఆవిడ కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"అక్కయ్యా, మీవాడు..." అన్నాడు.

అప్పుడే ఇంటి నుంచి ఫోను మోగింది. అక్కయ్య దాన్ని తియ్యకుండా బోర్లా తిప్పి పెట్టింది. ఏడవలేదు. అతని మొహంలోకి కూడా చూడకుండా మెల్లగా అంది:

"ఆయన దగ్గర అబద్ధమాడటం నాకు చేతకాదు తమ్ముడూ, అందుకే శవాగారంలో వాణ్ణి చూసి మావాడు కాదని చెప్పి వచ్చేసిన రోజు నుంచీ ఆ రెండు టైములూ నేనే కలిపి పెడుతున్నాను."