నర్సమ్మ పాతసామాను

సుత్తితో రెండు దెబ్బలేసినా గరాటు చొట్టపడలేదు.

"నీ మొండితనం తగలెయ్య!" అని తిట్టింది నర్సమ్మ. ‘మీ మనవల కాలం దాకా ఉంటుందమ్మా’ అని కొట్టువాడు అన్నప్పుడే అనుమానించాల్సింది. ఆవిడకి మనవలు కాదు కదా, కాళ్లకి చుట్టుకునే పిల్లి కూడా లేదు. ఆస్పత్రి ఉద్యోగం అయిపోయాక ఆ ఇంట్లో మాట్లాడుకోవాలంటే గోడలే దిక్కు. మూడో దెబ్బకి అంచు వంగింది. అమ్మయ్య అనుకుని, మెరుపు పోయేలా కాస్త మసి పూసి, సంచీలో వేసుకుని మెట్లు దిగింది.

కింది వాటాలో కిరీటాల మాస్టారు నేలమీద చతికిలబడి కుక్కర్ మూతకి బంగారు రంగు వేస్తున్నాడు. నాటకాలకి కిరీటాలు, కత్తులు, డాళ్లు చేయడం ఆయన పని. అన్నీ జనం పారేసిన సామానుతోనే. గొడుగు ఊచలు బాణాలవుతాయి, టేబుల్ ఫ్యాను జాలీ రాజుగారి కవచమవుతుంది. ఆ గొడుగు, ఆ జాలీ, ఆ మూత అన్నీ నర్సమ్మ ఇచ్చినవే. గొడుగు నిజంగానే విరిగింది. తర్వాతవన్నీ ఆవిడ చేతి చలవ.

"ఇదిగో మాస్టారూ, ఇంకోటి పాడైంది. పారేయబోతుంటే మీరు గుర్తొచ్చారు."

ఆయన గరాటుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ సామాను మీద ఎవరి దిష్టి పడిందండీ? వారానికొకటి మంచాన పడుతోంది!"

"పాత మనిషి, పాత సామాను. పాడవక ఏం చేస్తాయి?"

"నా పంట పండింది. సేనాపతి శిరస్త్రాణానికి కొన లేక కొట్టుకుంటున్నాను."

"సేనాపతా? మొన్నటిదాకా రాజూ, మంత్రే కదా?"

"రాసేవాడు కొత్తగా కలిపాడు. ఏం చేస్తాం, ఆయన కలం ఆయనిష్టం. కూర్చోండి, టీ పెడతాను."

ఆ ఒక్క మాట కోసమే గరాటు అన్ని దెబ్బలు తింది. నర్సమ్మ మొహమాటంగా పీట లాక్కుంది. ఆయన రేకు కత్తిరిస్తుంటే పట్టుకుంది, జిగురు పూసింది. సూదికి భయపడి మంచం కింద దూరిన పహిల్వాను కథ చెబితే, ఆయన పొలమారేలా నవ్వాడు. ఆవిడ కూడా పడీ పడీ నవ్వింది. ఇంతలో చీకటి పడింది, లేవాల్సొచ్చింది.

"ఇంతకీ నాటకం ఎప్పుడు?" అంది, చెప్పులు వేసుకుంటూ, ఏదో మాటవరసకి అన్నట్టు. నాటకం ఆడేస్తే ఈయనకి సామాను అక్కర్లేదు. అక్కర్లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని మెట్లు దిగాలి?

"తేదీ ఇంకా అనుకోలేదండీ."

"తొందరేముంది, నిదానంగానే కానివ్వండి."

"అన్నట్టు, జల్లెడలాంటిది ఏదైనా పాడైతే చూడండి. రాణిగారు కూడా వచ్చేట్టున్నారు."

"మా జల్లెడ అంతంతమాత్రంగానే ఉంది. రేపో మాపో పోతుంది," అంది నర్సమ్మ. నిజానికి ఆవిడ దగ్గర జల్లెడే లేదు. పోయిన నెలే అది మంత్రిగారి డాలైంది.

పొద్దున్నే జల్లెడ కొనడానికి బయల్దేరింది. దారిలోనే మాస్టారు చెప్పే నాటక సమాజం వాళ్ల హాలు. నాటకం తేదీ ఎక్కడ కంటపడుతుందోనని ఎప్పుడూ తల వంచుకుని దాటిపోయే ఆవిడ ఈసారి ఆగింది. ఆ తేదీ ఏదో ముందే తెలిస్తే, ఆ తర్వాతి రోజుల ఒంటరితనానికి ఇప్పట్నుంచే అలవాటు పడొచ్చు. ఆస్పత్రిలో ఎంతమందికో ధైర్యం చెప్పిన మనిషి, తనకి తను చెప్పుకోలేకపోతోంది.

గేటు దగ్గర కాపలావాడు సిమెంటు బస్తాలు లెక్కపెడుతున్నాడు.

"బాబూ, రాజుగారి నాటకం ఎప్పుడు?"

"ఏ రాజుగారమ్మా?"

"అదే, మీ సమాజం వాళ్లు ఆడబోయేది. రాజు, మంత్రి, సేనాపతి, ఇప్పుడు రాణి కూడానట. కిరీటాలూ అవీ మా కింది వాటా మాస్టారే చేస్తున్నారు."

వాడు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. బస్తా దించి, చేతులు దులుపుకున్నాడు.

"ఆ సమాజం ఎత్తేసి ఏళ్లయిందమ్మా."